జానెడు బాబాయి కొలతలు

నాచు పెంచి నూనె తీసే ఆ కంపెనీలో పనిచేసే జానెడు బాబాయి అక్కడ కొలవని వస్తువు లేదు. టేపంటే ఆయనకు గిట్టదు. సొంత కుడిచెయ్యి ఉండగా ఇంకోడి కొలతను నమ్మడమేమిటని ఆయన వాదన. మొదటిసారి అత్తారింటికి వెళ్లినప్పుడు మంచాన్ని జానలతో కొలిచి, "నా కాళ్లు బెత్తెడు బయటికొస్తాయి" అని అదే బండిలో తిరిగొచ్చేశాడట.

గోడ అవతల నర్సరీ నడిపే ఆవిడకు మాత్రం ఆయన్ని చూస్తే ఒళ్లు మండేది. మండదూ మరి! నాచు మడుగులు జానెడు లోతే ఉండాలి, అడుగుదాకా ఎండ తగలాలి కనుక. లోతు లేని మడుగుకు బోలెడంత నేల కావాలి. అందుకని ఆవిడ కౌలుకు చేస్తున్న రెండెకరాల మీదా, అందులోని బావి మీదా కంపెనీ కన్ను పడింది. నేల ఆసామి సగం ఒప్పేసుకున్నాడు. పదకొండేళ్లుగా పెంచిన మొక్కల్ని ఎక్కడికి మోసుకుపోవాలో తెలియక ఆవిడకు కంటిమీద కునుకు లేదు. ఈయనేమో రోజూ పొద్దునా మధ్యాహ్నమూ వచ్చి, బావిలోకి రాయి కట్టిన తాడు వదిలి, తడిసిన మేర జానలు వేసి, చిన్న పుస్తకంలో రాసుకునేవాడు.

"నేనింకా ఖాళీ చెయ్యలేదు బాబాయ్, అప్పుడే కొలతలా?"

"ఎండాకాలం కదమ్మా, కొలవాలి."

"కొలవండి, కొలవండి! నన్నూ కొలిచి కలిపేసుకోండి!"

"నువ్వు మూడు మూరల జానెడుంటావు," అని నవ్వకుండా చెప్పాడు.

తిట్టుకుంటూనే టీ ఇచ్చేది. ఆయన గ్లాసుకు వేళ్లు ఆనించి, "నిన్న నాలుగు వేళ్లు, ఇవాళ మూడున్నర. కోపం అరవేలు పెరిగింది" అనేవాడు.

మూడు నెలలకు మేనేజరు ఆవిడనూ ఆసామినీ ఆఫీసుకు పిలిచి, ప్లాను బల్లమీద పరిచాడు.

"మడుగులు ఒక్కసారి నింపితే చాలండీ. నాచు నీళ్లు తాగేస్తుందా ఏమిటి? ఈ బావి ధారాళంగా సరిపోతుంది."

"నాచు తాగదు సార్, ఎండ తాగుతుంది," అంటూ బాబాయి లోపలికొచ్చి పుస్తకం ముందు పెట్టాడు. "ఈ ఎండలకి మన మడుగు రోజుకి అరవేలు దిగుతోంది. అంటే నెల తిరక్కుండా జానెడూ ఆవిరే, మళ్లీ నింపాల్సిందే. ఈవిడ బావి మొక్కలకి తోడితేనే మధ్యాహ్నానికి మూరెడు దిగుతుంది. మనం కూడా తోడామా, వచ్చే ఎండాకాలానికి నీళ్లు మనకీ ఉండవు, ఈవిడకీ ఉండవు."

మేనేజరు ప్లానంతా గబగబా వెతికాడు. రోజూ ఆవిరయ్యే నీళ్ల సంగతి ప్లానులో ఎక్కడా లేదు!

"మరెక్కడ తవ్వమంటావయ్యా?"

"మన వెనకాల గడ్డి కూడా మొలవని చవుడు నేలుందిగా. అక్కడి బోరువి ఉప్పునీళ్లు, ఎవరూ తాగరు. రెండు తొట్లలో పోసి పెంచి చూశాను. నాచు నిక్షేపంగా పెరిగింది."

మేనేజరు పుస్తకాన్ని రెండుసార్లు తిరగేసి, ప్లాను చుట్టేశాడు. నర్సరీ ఆవిడకు గుండెల మీంచి బండ దించినట్టయింది.

బయటికొచ్చాక ఆవిడ ఆయన్ని నిలదీసింది. "ముందే ఒక్క మాట చెప్పొచ్చుగా బాబాయ్? మూడు నెలలు మిమ్మల్ని తిట్టని తిట్టు లేదు!"

"లెక్క తేలకుండా ధైర్యం చెప్పాననుకో, రేపు అది తప్పితే? నీ ఏడుపు కొలవడం నాకు చేతకాదమ్మా."

ఆవిడ టీ కాచి, అంచుదాకా పోసిచ్చింది. అలవాటు కొద్దీ ఆయన వేళ్లు ఆనించి, చురుక్కుమనేసరికి చటుక్కున లాక్కున్నాడు.

"ఎన్ని వేళ్లు బాబాయ్?"

"అయిదూ కాలాయి," అన్నాడు ఊదుకుంటూ. "కోపం పూర్తిగా పోయిందన్నమాట!"