మధ్యాహ్నం నీళ్లు

మొన్నటి పార్లమెంటు ఎన్నికలప్పుడు ఒక అభ్యర్థి కరపత్రాన్ని నేను తెలుగులోకి రాశాను. కలకత్తా ఖిదిర్‌పూర్‌లో మా వీధినిండా తెలుగు మాట్లాడేవాళ్లే గాని, రాయగలిగినవాళ్లు బహు తక్కువ. మా తాత శ్రీకాకుళం వైపునుంచి రేవులో పనికి వచ్చాడు. నాన్న కూడా అక్కడే పనిచేసి రిటైరయ్యాడు. చిన్నప్పుడు పలకమీద నాలుగు తెలుగు ముక్కలు రాసి చూపిస్తేగాని ఆయన నన్ను ఆటకు వదిలేవాడు కాదు. అప్పట్లో ఏడ్చేదాన్ని.

ఆ అభ్యర్థి బడిలో పాఠాలు చెప్పి రిటైరైన బెంగాలీ ఆవిడ. భవానీపూర్‌లోని ఆవిడ ఆఫీసునుంచి ఒక కార్యకర్త వచ్చి, రెండు పేజీల కాగితం నా చేతిలో పెట్టాడు. "ఆదివారం మీ వీధికి వస్తారు దీదీ. ఈలోగా తెలుగు చేసి పెట్టండి, ఆవిడ చూశాక అచ్చుకిస్తాం," అన్నాడు.

సాల్ట్ లేక్‌లో ఆఫీసుకు వెళ్లే బస్సులో కూర్చుని రాశాను. గెలిస్తే ముందుగా చేసే పనులు పది. రేవు బాగుచేయడం, ఉద్యోగాలు, ఆసుపత్రులు, ఆడవాళ్ల భద్రత, ఇలా తొమ్మిది సాఫీగా నడిచాయి. పదోది రాష్ట్ర ప్రజల 'జీబోన్ జాత్రార్ మాన్' పెంచడం. కాసేపు ఆలోచించి 'జీవన ప్రమాణం' అని రాశాను.

అందరికీ అర్థమవుతుందో లేదో చూద్దామని శనివారం మధ్యాహ్నం మా గుమ్మంలో కూర్చుని ఆడవాళ్లకు చదివి వినిపించాను. ఎదురింటి మామ్మ చివరిదాకా ఓపిగ్గా వింది. మునిసిపాలిటీలో రోడ్లు ఊడ్చి రిటైరైన మనిషి. ఇప్పుడు కోడలు అదే పని చేస్తోంది.

"జీవన పెమానం అంటే ఏటే గుంటా? ఎవుల మీద పెమానం సేత్తాదంట?" అంది.

నవ్వాపుకుని, పోనీ అని బెంగాలీ మాటే చెప్పాను.

"జాతరా? ఎప్పుడంట?" అంది మా అమ్మ.

"జాతరా కాదు, ఒట్టూ కాదు. మన బతుకు ఎంత బాగుంది అని. దాన్ని ఇంకా బాగుచేస్తారట," అన్నాను.

మామ్మ కాస్త ముందుకు జరిగింది. "అయితే మజ్జానం నీలు అందులో రాసినారా?"

మా వీధి కొళాయికి పొద్దున ఆరునుంచి ఎనిమిదిదాకా మంచి ధార ఉండేది. ఆ వేళకు ఊడ్చే పనికి వెళ్లే ఆడవాళ్లంతా రోడ్లమీద ఉంటారు. పన్నెండింటికి దుమ్ముకొట్టుకుని ఇంటికొచ్చేసరికి నీళ్లు దారంలా కారేవి. నేను రోజూ ఏడింటికి సుఖంగా స్నానం చేసి ఆఫీసుకు పోయేదాన్ని. పుట్టి పెరిగిన వీధిలో ఇది నా కంటికి ఆననందుకు సిగ్గేసింది.

"కాగితం ఆవిడది మామ్మా. మనం అందులో కలపకూడదు," అన్నాను.

"నువ్వు రాయకపోతే మానీ. నాను నోటితో సెప్తాను."

ఆదివారం సరిగ్గా ఎండ నడినెత్తికొచ్చిన వేళ అభ్యర్థి వచ్చింది. నలభై ఏళ్లుగా కలకత్తాలో ఉన్న మామ్మకు బెంగాలీ బాగానే వచ్చు. అయినా ఆవేళ తెలుగే మాట్లాడతానని, నన్ను పక్కన నిలబెట్టుకుంది. "పంతులమ్మ గదా, నా బంగ్లాలో తప్పులెతుకుతాది," అని నా చెవిలో అంది.

తర్వాత అభ్యర్థి చేతికి ఒక చెంబిచ్చి, "పట్టు తల్లీ," అని కొళాయి చూపించింది.

ఆవిడ చెంబు పట్టుకుని నిలబడింది. కార్యకర్తలు గడియారాలు చూసుకున్నారు. ఒకతను గొడుగు తెచ్చి పట్టాడు. ఇంకా మూడు వీధులు తిరగాలని గుర్తుచేశాడు. చెంబు నిండేదాకా ఆవిడ అక్కణ్ణుంచి కదల్లేదు. నిండాక దాన్ని మామ్మకిచ్చి, "మాషీమా, నిజం చెప్పనా? ఇది పార్లమెంటు పని కాదు, వార్డు పని," అంది బెంగాలీలో.

నేను తెలుగులో చెప్పేదాకా మామ్మ ఆగలేదు.

"ఎవుల పనో నాకు తెల్దేటి? ఆ మలుపుకాడ వాల్వు సగం మూసీసి ఉంది. పక్క రోడ్డు తవ్వినప్పుడు మూసినారు, మరి తెరవనేదు. మేం సెప్తే ఎవులూ ఇన్నేదు. నువ్వు సెప్తే ఇంటారు."

నేను బెంగాలీలో చెప్పాను. ఆవిడ పకపకా నవ్వి, నా చేతిలోని కాగితం తీసుకుని, పదో అంశం కింద పదకొండు అంకె వేసింది. "దీన్ని మాత్రం మీ తెలుగులోనే ముందు రాయమ్మా. బెంగాలీలోకి నేను చేసుకుంటాను," అంది. 'మధ్యాహ్నం నీళ్లు' అని రాశాను. కరపత్రం అలాగే అచ్చయింది.

ఎన్నికల్లో ఆవిడ ఓడిపోయింది. ఎవరికి ఓటేశావని మామ్మని అడిగితే, "అది ఆ మిషనుకి తెల్సు," అంది.

ఫలితాలొచ్చిన రెండు వారాలకు ఆవిడ ఆటోలో వచ్చింది. జెండాల్లేవు, జనం లేరు. మామ్మని ఎక్కించుకుని నీళ్ల ఆఫీసుకు తీసుకెళ్లింది. అక్కడ ఏం జరిగిందో మామ్మ చెప్పిన ప్రతిసారీ ఒక్కోలా ఉంటుంది. ఒకసారి ఆఫీసరు లేచి నిలబడ్డాడు, ఇంకోసారి టీ తెప్పించాడు. మూడు రోజుల తర్వాత మాత్రం ఒకతను పెద్ద పానా పట్టుకుని వచ్చి, వాల్వు తిప్పి వెళ్లిపోయాడు. పది నిమిషాలు కూడా పట్టలేదట.

ఆవేళ నేను ఆఫీసులో ఉన్నాను. పన్నెండున్నరకు అమ్మ ఫోన్ చేసింది. నేను ఎత్తగానే ఫోన్‌ని కొళాయి దగ్గర పెట్టింది. జోరుగా వాన పడుతున్నట్టు చప్పుడు. వెనక ఆడవాళ్ల నవ్వులు, మామ్మ కేకలు.

పక్క సీట్లో కూర్చునే వరంగల్ అమ్మాయి నా మొహం చూసి, "ఏమైందక్కా, మంచిగనే ఉన్నవా?" అని అడిగింది.

"మా వీధిలో నీళ్లొచ్చాయి," అన్నాను. ఆ అమ్మాయి అర్థం కాకపోయినా నాతోపాటు నవ్వింది.

"ఇనబడతందేటే?" అంది అమ్మ.

"వినబడుతోందమ్మా."

"ఉండు మరి, బకెట్టు పొంగిపోతంది," అని ఫోన్ పెట్టేసింది.