లెక్కలో లేని పిల్లలు

ఈ ఉదయం మా వీధిలోకి ఎండుచేపల గంప వచ్చింది. రాత్రి వాన పడి గాలి చెమ్మగా ఉండడంతో ఆ ఉప్పు వాసన ఇల్లంతా నిండింది. అప్పుడే మా మనవడు వరండాలో కూర్చుని పత్రిక పైకి చదువుతున్నాడు. చీనా దేశంలో జనం మితిమీరి పెరిగారట, అందుకే అక్కడ కరువులట, అన్ని నోళ్లున్న దేశం ఎన్నటికీ బాగుపడదట, మన దేశం గతీ అంతేనట. రాసినవాడెవడో కడుపు నిండినవాడు. ఆ వాసనా ఆ మాటలూ ఒక్కసారే తగిలేసరికి నాకు మార్తమ్మగారు గుర్తొచ్చారు, కోపమూ వచ్చింది. ఈ వయసులో కోపం ఒంటికి మంచిది కాదంటుంది మా కోడలు. ఈ ఒక్కదానికి మాత్రం నన్ను వదిలెయ్యమన్నాను.

గోదావరి సముద్రంలో కలిసేచోట ఒక చేపలవాళ్ల పల్లెలో మిషన్ బడి ఉండేది. మార్తమ్మగారు అక్కడ పెద్ద పంతులమ్మ. నేను కొత్తగా చేరిన సహాయ ఉపాధ్యాయుణ్ని. పల్లె గంగమ్మను కొలిచేది, ఆమె ఏసుప్రభువును. ఆ విషయంలో ఎన్నడూ పేచీ రాలేదు. నేను చేరిన కొత్తలో ఒక తల్లిని ఎంతమంది పిల్లలని అడిగితే ఆవిడ మొహం తిప్పుకుని వెళ్లిపోయింది.

"అలా అడక్కండి పంతులుగారూ," అన్నారు మార్తమ్మగారు. "పిల్లల్ని అంకెతో చెబితే దిష్టి తగులుతుందని వీళ్ల భయం. పేర్లేంటని అడగండి, పొద్దుగూకేదాకా చెబుతారు."

"అది మూఢనమ్మకం కదండీ?"

"నేను మాత్రం నమ్ముతానా? కానీ బిడ్డల్ని పూడ్చుకున్న తల్లికి బుద్ధి చెప్పేముందు ఆవిడ చెప్పేది వినాలి కదండీ."

ఆ ముందటేడు జనాభా లెక్కలు రాయడానికి వచ్చిన కరణం ఆ మాత్రం కూడా వినలేదట. గుమ్మాల బయట నిలబడి "ఎంతమంది?" అని కేకేశాడట. "మేమిద్దరమేనండి" అంటే ఇద్దరని రాసుకుని పోయాడట. పిల్లలు అతని కాళ్ల పక్కనే ఇసుకలో ఆడుకుంటున్నారు.

నేను చేరిన ఏడే ఉప్పెన వచ్చింది. పడవలూ వలలూ కొట్టుకుపోయాయి, మంచినీళ్ల బావిలో ఉప్పునీరు చేరింది. సర్కారు బియ్యం ఇస్తామన్నారు గాని అవి వచ్చేసరికి వారాలు గడిచాయి. ఈలోగా మండపేట వైపు నుంచి ధాన్యం పడవలు కాలవ మీద కాకినాడ రేవుకు మా కళ్లముందే పోతూ ఉన్నాయి. తిండి చాలకపోవడానికి కారణం జనమేనని రాసేవాణ్ని ఆ గట్టు మీద నిలబెట్టాలి.

చివరికి తాలూకా నుంచి ఒక అధికారి వచ్చి బడి అరుగు మీద కుర్చీ వేయించుకున్నారు. వీరమ్మ అనే ఆవిడ ముందుకొస్తే కాగితం చూసి, "మొగుడూ పెళ్లాం. రెండు పాళ్లు కొలవండి," అన్నారు.

"పిల్లలున్నారండి బాబూ."

"లెక్కలో లేరే! బియ్యమనేసరికి పుట్టుకొచ్చారా?" బంట్రోతులు నవ్వారు.

మార్తమ్మగారు వీరమ్మ పక్కకు వచ్చి నిలబడ్డారు. "ఎంతమందో చెప్పకు వీరమ్మా. పేరు పెట్టి పిలు."

"ఒరే పోలయ్యా! సత్తెమ్మా! పెంటయ్యా!" విరిగిన పడవ చాటు నుంచి ఒక్కొక్కరే వచ్చారు.

"పెంటయ్యా? అదేం పేరు?"

"నడుమ పుట్టినోళ్లు దక్కలేదండి. ఈడైనా దక్కాలని పెంటకుప్ప మీద పడేసి తెచ్చుకున్నానండి."

అది చూసి మిగతా తల్లులూ పిలవడం మొదలుపెట్టారు. అరుగు చుట్టూ పిల్లలు నిండిపోయారు. అధికారి చెమట తుడుచుకున్నారు. "ఇది పల్లెటూరా, చీనా దేశమా? ఇలా కంటూ పోతే సర్కారు ఎక్కణ్నుంచి తెచ్చి పెడుతుంది?"

"ఇందాక లేరన్నారు. ఇప్పుడు ఎక్కువయ్యారంటున్నారు," అన్నారు మార్తమ్మగారు. "వీళ్లు సరిపడా ఉండేది ఎప్పుడండీ?"

ఈసారి బంట్రోతులు నవ్వలేదు. అధికారి కలం తీసుకుని పేర్లు రాయసాగారు. అప్పుడు వీరమ్మ మళ్లీ పిలిచింది. "గంగా!"

ఎవరూ రాలేదు. గంగ ఆ వారం మొదట్లోనే పోయింది. జబ్బు చేసి కాదు, ఆకలితో. ఆ సంగతి వీరమ్మకు తెలియక కాదు. పిల్లల్ని పిలవమన్నారు, పిలిచింది.

"ఆ పేరూ రాయండి," అన్నారు మార్తమ్మగారు.

"లేని మనిషిని ఎలా రాస్తానమ్మా?"

"ఉన్నప్పుడూ రాయలేదు కదండీ."

ఆయన రాయలేదు. మిగతా పిల్లలకు బియ్యం కొలిచారు. సర్కారు మనిషితో దురుసుగా మాట్లాడారని ఫిర్యాదు వెళ్లి, మార్తమ్మగారిని కోరుకొండ అవతల ఎక్కడో చిన్న బడికి మార్చారు. ఆకలితో బిడ్డ పోయినందుకు ఎవరినీ ఎక్కడికీ మార్చలేదు.

పడవ ఎక్కేముందు ఆమె అడిగారు: "రోజూ ఏదో రాసుకుంటారు కదా, గంగ పేరు రాశారా?"

"రాశానండి."

"మంచిది. ఎక్కడో ఒకచోట ఉండాలి," అన్నారు. ఆమెను మళ్లీ చూడలేదు.

ఆ తర్వాత పింఛను పుచ్చుకునేదాకా బళ్లలోనే పనిచేశాను. హాజరు పిలిచేటప్పుడు పుస్తకం వైపు కాక మొహాల వైపు చూసేవాణ్ని. ఏ పేరుకైనా జవాబు రాకపోతే, ఆ బిడ్డ ఎక్కడుందో ఎవరో ఒకరు చెప్పేదాకా తర్వాతి పేరు నా నోట వచ్చేది కాదు.