కిటికీ కింద మగ్గం

నాకు నిలకడ లేదని మా నాన్న అంటుంటాడు. ఆదోనిలో మా పత్తి కొట్టులో పూటంతా కూర్చోలేక, ఫోన్లకు యాప్‌లు రాసే పనిలో పడ్డవాణ్ణి. అలాంటివాడికి దొరికిన పని ఏమిటంటే, ఎదుట లేని వస్తువును ఫోన్ కెమెరాలో ఉన్నట్టు చూపించి, ఒకచోట కదలకుండా నిలబెట్టడం.

ఎమ్మిగనూరులో చీరలమ్మే ఒక అక్క అడిగింది. ఏళ్ల తరబడి తాను చీరలు నేసిన మగ్గాన్ని కిందటేడు అమ్మేసింది. నేసేటప్పుడు కాళ్లు దించుకునే గుంతను పూడ్చి గచ్చు చేయించింది. ఇప్పుడు చీరలు కొనేవాళ్లకు ఆ మగ్గాన్ని ఫోన్లో చూపించాలట, తనూ చూసుకోవాలట.

“అది ఆ కిటికీ కింద ఉండెనప్పా, ఆడనే పెట్టు,” అంది.

అక్కడ చీరల మూటలు పేర్చి ఉన్నాయి. వాటిని జరిపే ఓపిక నాకెక్కడిది? “ఫోన్లో మగ్గం యాడైనా నిలబడుతుందిలే అక్కా,” అని హాలు నడుమ పెట్టాను.

నిలబడలేదు. కెమెరా నేల మీది గీతలూ మచ్చలూ గుర్తుపెట్టుకుని, వాటి ఆసరాతో వస్తువును నిలుపుతుంది. నున్నటి గచ్చు మీద దానికి పట్టు దొరకలేదు. నేను రెండడుగులు వేస్తే మగ్గం గోడలోకి జారిపోయింది. నాకు ఒళ్లు మండింది. చివరికి అక్కతో ఆ నేల మీద ముగ్గు వేయించాను. ఇక మగ్గం కదిలితే ఒట్టు! మీసం మెలేసుకుని ఆదోని బస్సెక్కాను.

మర్నాడు వెళ్లి ఫోన్ తెరిస్తే మగ్గం లేదు. ఎటు తిప్పినా రాదు. కిందికి చూస్తే నేల మీద ఇంకో ముగ్గు.

“నిన్నటిది ఏం జేసినావక్కా?” అని అరిచాను.

“ఊడ్సినా. పాసి ముగ్గు ఎవరన్నా ఉంచుకుంటారా? నువ్వొస్తావని పెద్దది ఏసినా.”

మా అమ్మ రోజూ చేసేదీ అదే. మరిచిపోయిన వెధవను నేను. సిగ్గేసింది, అయినా నా మీది కోపం ఆమె మీదే చూపించాను. “ఇది నాతో గాదు,” అని సంచి సర్దుకున్నాను.

ఆమె కిటికీ కింది మూటలు లాగడం మొదలుపెట్టింది. చూస్తూ నిలబడలేక నేనూ చెయ్యి వేశాను. కిటికీ కింద, పూడ్చిన గుంత చుట్టూ గచ్చు కుంగి పగుళ్లిచ్చింది.

“సూసినోళ్లు నవ్వుతారని మూటలు పెట్టినా,” అంది.

మగ్గాన్ని అక్కడ పెట్టాను. తలుపు దాకా నడిచి వెనక్కి తిరిగి చూశాను. కదల్లేదు.

ఫోన్ ఆమె చేతికిచ్చాను. చాలాసేపు చూసింది. చూస్తూనే ఆ పగుళ్ల అంచున కూర్చుని, నేసేటప్పటిలా కాళ్లు లోపలికి దించబోయింది. మడమలు గచ్చుకు తగిలాయి.