అల్ ఖోర్ మడ చెట్ల దగ్గర రాసిన పేరు

నలభై దాటాక పచ్చబొట్లు వేయడం నేర్చుకుంటానంటే మా ఆయన పడీ పడీ నవ్వాడు. నవ్వితే నవ్వనీ అని, వేసవిలో హైదరాబాద్‌లో రెండు నెలలు నేర్చుకుని, చిన్న మిషన్ కొనుక్కుని దోహా తిరిగొచ్చాను. ఇక్కడ అలాంటి దుకాణాలు నడపనివ్వరు. అందుకే అల్ హిలాల్‌లోని మా ఫ్లాట్‌లో రబ్బరు తోలు మీద సాధన, శుక్రవారాలు బయట కూర్చుని రంగులతో బొమ్మలు. మా ఆయన కాంట్రాక్టు ముగిసి విజయవాడ వెళ్ళాక దీన్నే వృత్తి చేసుకోవాలని ఆశ. చెయ్యి కుదరాలంటే వేర్లు, కొమ్మలు గీయమని నేర్పినావిడ చెప్పింది. మడ చెట్లున్న అల్ ఖోర్‌కి బయలుదేరింది అందుకే.

కారు నడిపింది మల్లేశం. జగిత్యాల దగ్గరి పల్లె. మా ఆయన మేనేజరుగా ఉన్న కంపెనీలోనే డ్రైవరు; సెలవు రోజున నూట యాభై రియాళ్ళకు వస్తాడు, పెట్రోలు మనదే. ఉదయం ఆరున్నరకు బయలుదేరి, దారిలో రెండేసి రియాళ్ళ కరక్ చాయ్ తాగి, ఏడున్నర దాటాక చేరాం. యాభై కిలోమీటర్ల దారిలో ప్రపంచకప్ కోసం ఎక్కడ చూసినా తవ్వకాలు, మళ్ళింపులు. గుడారంలా కట్టిన స్టేడియం కనబడితే ఫోటో తీసుకున్నాను. ఎప్పుడూ "మేడం, ఆపాల్నా?" అని అడిగే మనిషి ఈసారి అడగలేదు. వాగుడుకాయ మల్లేశం దారంతా నోరే విప్పలేదు. బొమ్మ వేసుకోవాలన్న తొందరలో నేనూ ఎందుకని అడగలేదు.

చెక్క వంతెన దాటి, నీళ్ళు తగ్గి వేర్లు బయటపడిన చోట కూర్చున్నాను. పది గంటలకు బొమ్మ ఒక కొలిక్కి వచ్చింది. అప్పుడు మల్లేశం వచ్చి పక్కన చతికిలబడ్డాడు.

"మేడం, మీ ఇంట్ల ఉన్న గా మిషిని తోటి నా చెయ్యి మీద ఒక పేరు ఎక్కిస్తరా?"

"ఎవరి పేరండీ?"

"గంగమణి. నా పెండ్లాం. సచ్చిపోయి ఇర్వై దినాలాయె."

ఈ ఇరవై రోజుల్లో నన్ను నాలుగుసార్లు బజారుకు తీసుకెళ్ళాడీ మనిషి. "అయ్యో, ఊరికెళ్ళలేదా?" అన్నాను.

"లీవ్ మాఫీ, లేనే లేదన్నరు. వరల్డ్ కప్ పనులయ్యేదాంక ఎవ్వల్ని ఇడుస్తలేరు. సార్ గుడ ఏం జేస్తడు మేడం, పైకెల్లి ఆర్డరు."

సార్ అంటే మా ఆయనే. "సెలవులన్నీ ఆపేశాం" అని భోజనాల దగ్గర అన్నప్పుడు, పెరుగు వడ్డిస్తూ "ఊఁ" అన్నాను, అంతే. సిగ్గుతో తలెత్తలేకపోయాను.

మొగుడి పేరు నోటితో పలకకూడదని గంగమణికి పట్టింపట. పెళ్ళైన కొత్తలోనే ముంజేతి మీద మల్లేశం పేరు పచ్చబొట్టు పొడిపించుకుందట.

"రేషన్ షాపుల మొగని పేరేందంటే చెయ్యి సూపెట్టేది మేడం. మా తమ్ముడు ఫోన్ల అంతా సూపెట్టిండు. కట్టెల మీద పండవెట్టినంక గుడ ఆ చెయ్యి కనవడ్డది. నా పేరు ఆమెతోటి కాలిపోయింది. ఆమె పేరు నాతోటన్న ఉండాలె గద!"

"ఇక్కడ కుదరదండీ. పుండైతే? రేపు వీసా మెడికల్ పరీక్షలో అడిగితే?" అన్నాను. అన్నీ నిజమైన కారణాలే. కానీ అసలు కారణం భయం. బతికున్న చర్మం మీద నేనింకా సూది పెట్టలేదు. పైగా బయటపడితే మా ఆయన ఉద్యోగానికి మాటొస్తుంది.

"పోనీ, బ్రష్షు తోటన్న రాయుండ్రి."

నల్లరంగు కలిపి గుండ్రంగా నాలుగక్షరాలు రాశాను. ఆరేదాకా ఊదుకుంటూ కూర్చున్నాడు. నాకు ఏడుపు ఆగలేదు.

శుక్రవారం నమాజు వేళ హోటళ్ళు మూసేస్తారు. ఒంటిగంటకు కేరళ హోటలు తెరిచాక చేపల భోజనం చేశాం, మనిషికి పదిహేను రియాళ్ళు. చెయ్యి కడిగితే తడుస్తుందని మల్లేశం చెంచాతో తిన్నాడు. మూడున్నరకు ఇల్లు చేరేసరికి చెమటకు మొదటి అక్షరం చెదిరిపోయింది. సాయంత్రం మల్లేశం సెలవు గురించి మా ఆయనతో పోట్లాటకు దిగాను. "నా చేతుల్లో ఏముంది?" అన్నాడు. పొద్దున నేనూ దాదాపు అదే అన్నాను కదా.

అల్ ఖోర్ వెళ్ళేవాళ్ళకు ఒక్క మాట: ఆటుపోట్ల వేళలు ముందురోజే చూసుకోండి, పోటెక్కితే వేర్లు కనబడవు. నేను ఆ రోజు వేసిన బొమ్మని గోడకు పెట్టలేదు. పచ్చబొట్లు వృత్తిగా చేయగలనో లేదో ఇంకా తేల్చుకోలేదు. చెయ్యి కుదిరితే చాలనుకున్నాను, అడిగిన మనిషి ముందు నిలబడే ధైర్యం కూడా కావాలని తెలియలేదు. మూడు నెలలకు మల్లేశానికి సెలవు దొరికింది. ఊరి సంతలో ఎవరి చేతో వేయించుకుని ఫోటో పంపాడు. అక్షరాలు వంకరటింకర, చర్మం వాచి ఉంది. వేసినాయన నాకంటే పనిమంతుడేం కాదు. వేశాడు, అంతే. ఫోటో కింద వాయిస్ మెసేజ్‌లో మల్లేశం గొంతు: "మేడం, కడిగినా పోతలేదు."