కోవా పొయ్యి మొద్దులు

లారీ తొట్టి మీద తాను గీసిన సుద్దగీతకూ, ఇనుప మిషను అంచుకూ మధ్య డ్రైవరు ఏసన్న వేళ్లు ఆనించి చూశాడు. నాలుగు వేళ్లూ పట్టాయి. కోయంబత్తూరులో ఎక్కించినప్పుడు అంచు గీత మీదే ఉంది. ఇప్పుడు మిషను క్యాబిను వైపు బెత్తెడు జరిగింది.

లారీ గువ్వలచెరువులో ఒక కోవా అంగడి ముందు ఆగి ఉంది. ఇక్కడి నుంచి కడప వైపు అంతా దిగుడే, మలుపు వెంట మలుపు. మిషను ఇంకా జరిగితే దానికీ ఏసన్న వీపుకూ మధ్య ఉండేది క్యాబిను రేకే.

ఇనుము మీద ఇనుము జారుతుందని, నడుమ గోనె, ముందర కట్టె ఉండాలని అతనికి తెలియక కాదు. కట్టెలూ, తాళ్లూ, దోవలో ఇచ్చుకునే మామూళ్లూ అన్నీ డ్రైవరుకు ట్రిప్పుకిచ్చే బత్తాలోంచే పెట్టుకోవాలన్నది ఓనరు ధనుంజయ పద్ధతి. క్లీనరును ఏనాడో మాన్పించాడు. పోయిన ట్రిప్పులో ఇంజను వేడెక్కి ఆలస్యమైతే బత్తా సగానికి కోశాడు. అందుకే ఈసారి ఏసన్న కట్టెలు కొనలేదు. పాత టైరు ముక్కలు దోపి, ఏమవుతుందిలే అనుకున్నాడు. ఆ ముక్కలు దోవలోనే ఎక్కడో ఊడిపోయాయి.

అదే ఓనరు దగ్గర పనిచేసిన దేవేంద్రప్ప ఈ ఘాటు రోడ్డు మీదే పోయాడు. మలుపులో బ్రేకు తొక్కితే వెనకున్న ఇనుప పైపులు క్యాబినులోకి దూరాయి. వంకరపోయిన పైపుల ఖరీదు అతనికి రావలసిన జీతంలో పట్టుకున్నారు. అప్పటి నుంచి ఏసన్న భార్య వరమ్మ, అతను ఘాటు దిగి ఫోను చేసేదాకా నోట్లో ముద్ద పెట్టుకోదు.

అంగడి నడిపే శివలీల బాణలిలో పాలు తిప్పుతూ ఇదంతా చూస్తోంది. పొయ్యి పక్కనున్న మొద్దులు రెండు ఇమ్మని ఏసన్న అడిగాడు.

"మొద్దులేం జేస్తావప్పా? బండిలో కోవా కాస్తావా?"

ఏసన్న జరిగిన కొలత చూపిస్తూ నాలుగు వేళ్లు ఎత్తాడు. ఆమె నవ్వు ఆగిపోయింది.

"శానామంది ఈడ కోవా కట్టించుకొని దిగినారు. అందరూ ఇల్లు చేరలే. చింతమొద్దులు తీసుకో, అవి చీలవు. లెక్క మళ్లొచ్చినప్పుడు ఇద్దువు."

మిషనును వెనక్కి నెట్టడం ఒక్కడి వల్ల కాదు. ఉన్నచోటే ఆపాలి. జాకీతో అంచు కాస్త లేపి, ఆమె ఇచ్చిన గోనెలు మడిచి కింద తోశాడు. మొద్దులను మిషను ముందర దోపే ఆపుల్లా గొడ్డలితో చెక్కుతుంటే ఫోను మోగింది. బండి ఎక్కడ ఆగినా ధనుంజయ ఫోనులో కనబడుతుంది.

"ఏమప్పా, బండి ఆడ్నే నిలబడుండాది. కోవా తింటాండావా?"

మిషను జరిగిందని ఏసన్న చెప్పాడు.

"అదంతా నాకెందుకు? మధ్యాన్నానికి ఓర్వకల్లులో దించకుంటే బత్తా మర్చిపో."

ఇంకెప్పుడైనా అయితే ఏసన్న సరే సార్ అనేవాడు. ఇప్పుడు సగం చెక్కిన మొద్దు వైపు చూశాడు.

"కోసుకో సార్. మొద్దులు దిగ్గొట్టినాకనే నేను దిగేది."

ఫోను జేబులో వేసి సుత్తి అందుకున్నాడు. దెబ్బదెబ్బకూ మొద్దు బిగుస్తూ, చివరికి సుత్తినే వెనక్కి తన్నింది. గొలుసులు బిగించి, కొత్త గీత గీశాడు.

దిగుతున్నంతసేపూ అతని చెవులు వెనకాలే ఉన్నాయి. రెండో గేరులో ఇంజను మూలుగుతోంది. ఒక మలుపులో ఆటో అడ్డం వస్తే బ్రేకు తొక్కక తప్పలేదు. వెనక కిర్రుమంది. కట్టె నొక్కుకుందో, ఇనుము జారిందో తెలియదు. మెడ భుజాల్లోకి ముడుచుకొని దేవుణ్ణి తలిచాడు. రేకు కదల్లేదు. ఆ తర్వాత ప్రతి మలుపుకూ ముందే మెడ ముడుచుకుంది.

ఘాటు దిగాక బండి ఆపి చూశాడు. అంచు గీత మీదే ఉంది. వరమ్మకు ఫోను చేసి, అన్నం తినమన్నాడు.

ఓర్వకల్లు చేరేసరికి మధ్యాహ్నం దాటిపోయింది. ఫ్యాక్టరీ గేటు దగ్గర ఎండలో నిలబెట్టారు. నీళ్లకు లోపలికి పోతానంటే డ్రైవర్లకు లేదన్నారు. చివరికి క్రేను వచ్చింది. ఏసన్న మొద్దులు తట్టి ఊడదీసి, శివలీలకు ఇవ్వడానికి క్యాబినులో పెట్టుకున్నాడు. మిషను గీత మీద నుంచి నిట్టనిలువుగా లేచి, గచ్చు మీద దిగింది.

వెనక క్రేను కిర్రుమంటే ఏసన్న మెడ ముడుచుకుంది, పెడుతున్న సంతకం వంకరపోయింది. గుమాస్తా ముక్కు చిట్లించి, తాగినావా అన్నాడు.

"ఘాటు దిగొచ్చినా సార్," అని ఏసన్న కాగితం అతని చేతికిచ్చాడు.