పేరు చెప్పని పొద్దు

గ్రామపెద్ద ఖంపన్ నోట్లో నువ్వుగింజ నానదు. రోజూ కోడికన్నా ముందు ఆయన లౌడ్‌స్పీకరే కూసేది. మైకులోకి రెండుసార్లు ఊది, బుద్ధ భగవానుడికి ఒక దండం పెట్టి, ఆ పైన ఊరివాళ్ళ గుట్లు ఒక్కొక్కటే విప్పేవాడు. "బున్మా గేదె మళ్ళీ తాడు తెంపుకుంది. కనబడితే కట్టెయ్యండి, పాపం వాడికి మోకాళ్ళ నొప్పులు."

ఫయోమ్‌ది ఆయన పక్కిల్లే. సంతలో జిగురన్నం, కాల్చిన కోడి అమ్ముకుని బతికే మనిషి. ఒకసారి, "ఫయోమ్ చెల్లెమ్మ ఇల్లు కారుతోంది, గొడుగేసుకుని పడుకుంటోంది" అని ఊరంతా వినేలా చెప్పాడు. ఆమె చీపురు పుచ్చుకునే కంచె దగ్గరికి వచ్చింది.

"నా ఇంటి కప్పు సంగతి నీకెందుకు పెద్దన్నా?"

"కప్పు నీదే చెల్లెమ్మా. ఆ చినుకుల చప్పుడుకి నిద్రపోనిది నేను."

అలాంటాయన పక్కింట్లో ఉండగా, మహమ్మారి రోజుల్లో ఫయోమ్ కూతురు చంపీ బ్యాంకాక్ నుంచి జ్వరంతో, చీకటితోనే ఇల్లు చేరింది. పరీక్షిస్తే ఆ జబ్బేనని తేలింది. ఆరోగ్య కార్యకర్త ఆ సంగతి గ్రామపెద్దకొక్కడికే చెప్పింది. ఇక తెల్లారితే మైకులో వచ్చేస్తుందనుకుంది ఫయోమ్. పక్క ఊళ్ళో ఒకరి పేరు బయటపడితే, జబ్బు నయమయ్యాక కూడా ఆ ఇంటి కూడు ఎవరూ ముట్టలేదు.

ఊళ్ళో ఒకరికి జబ్బొచ్చిందని మాత్రం ఖంపన్ నుంచి కబురందుకుని, సాయంత్రం ఊరి కమిటీవాళ్ళు ఆయన గేటు బయట ఎడమెడంగా నిలబడి నిలదీయడం ఆమె కంచె సందులోంచి విన్నది.

"పేరు చెప్పు పెద్దా. మా ఇళ్ళల్లో ముసలివాళ్ళున్నారు."

"మీరు తప్పుకోవాల్సింది దారి నుంచా, పేరు నుంచా?"

"ఎవరెవరికి అంటిందో మాకు తెలియొద్దా?"

"జబ్బొచ్చిన మనిషి ఊళ్ళో ఎవరినీ కలవలేదు. కలిసుంటే వాళ్ళ గుమ్మానికి వెళ్ళి నేనే చెబుదును."

మర్నాడు పొద్దున మైకులో రెండు ఊదుళ్ళు వినిపించాయి. ఫయోమ్ చెవులు మూసుకుని, వేళ్ళ సందులోంచి వింది.

"మా సందులో మూడిళ్ళు. ఒకదానికి జబ్బొచ్చింది. మూడిళ్ళవాళ్ళనీ అడిగాను, బయటికి రామన్నారు. మీరూ సందులోకి రాకండి. ఏ ఇల్లని అడగకండి."

గేదె ఊసైనా లేకుండా మైకు కట్టేశాడు.

ఊరు కాసేపు ఆలోచించింది. ఇంకొకరి జబ్బైతే ఈయన నోరు ఆగుతుందా? ఆయనకే వచ్చింది, పాపం.

మధ్యాహ్నానికి సందు మొదట్లో వెదురు గుంజకు ఖంపన్ పేర గంజి, ఉడికించిన గుడ్లు, అల్లం కషాయం వేలాడాయి. బున్మా కుంటుకుంటూ వచ్చి బొప్పాయి పెట్టి పోయాడు. ఖంపన్ వాటన్నిటినీ కర్రకు తగిలించి కంచె మీదుగా ఫయోమ్ పెరట్లోకి దించాడు.

కూతురికి కషాయం పోస్తూ ఫయోమ్ పైకి చూసింది. కప్పు మీది రేకులు. గొడుగు సంగతి మైకులో వచ్చిన మర్నాడే బున్మా మరో ఇద్దరిని వెంటేసుకుని, ఎవరూ పిలవకుండానే వచ్చి వేసిన రేకులవి. ఆ రెంటినీ కలిపి చూడాలని ఆమెకు అంతవరకూ తోచనేలేదు.

చంపీ తేరుకుంది. దగ్గు మాత్రం వదల్లేదు. ఒక పొద్దున ఖంపన్ కంచె దగ్గరికి వచ్చి గొంతు సవరించుకున్నాడు.

"చంపీ తల్లీ, ఒక్క ఉపకారం చెయ్యాలి."

"చెప్పండి పెదనాన్నా."

"మైకు తెరిచినంతసేపూ కాస్త దగ్గు ఆపుకోమ్మా. నువ్వు దగ్గితే ఊరంతా వినిపిస్తోంది. వెంటనే నేనూ దగ్గాల్సొస్తోంది. గొంతు మండిపోతోంది తల్లీ."