ఏడో గవ్వ

ఖతార్‌లో, అల్ ఖోర్ లేబర్ క్యాంపు నుంచి ప్రతి శుక్రవారం పొద్దున అన్నా నేనూ ఒక చుట్టు నడిచేవాళ్ళం. సొంత అన్న కాదు. నా గదిలో కింది మంచం ఆయనది. రాస్ లఫాన్ గ్యాస్ ప్లాంటులో పరంజాలు కట్టే పని. నేను సర్వేయర్‌ని, దేన్నైనా కొలవకుండా ఉండలేను. క్యాంపు గేటు నుంచి ముళ్ళపొదల బీడులో రెండు కిలోమీటర్లు, మడచెట్ల మధ్య ఉప్పునీటి పాయ గట్టున మూడు, తారురోడ్డు మీద తిరిగి రెండు. మొత్తం ఏడు.

ఆ పాయను అన్న వాగు అనేవాడు. ఆటుపోట్లకు దాని నీళ్ళు అటూ ఇటూ తిరుగుతాయి. "పొద్దుగాల ఇటు, మాపటీలి అటు. అచ్చం మన ఫోర్‌మన్ లెక్కనే," అని నవ్వేవాడు. గట్టున గవ్వలు ఏరేవాడు. ఊళ్ళో వదిన పచ్చీసు ఆడడానికి ఏడు కావాలి. అన్నీ ఒకే సైజువి. పగిలినవి పనికిరావు. అప్పటికి ఐదు దొరికాయి.

ఆ శుక్రవారం అన్న స్నానానికి పోయినప్పుడు ఆయన తమ్ముడు నాకు ఫోన్ చేశాడు. తెల్లవారుజామున వదినకు గుండెపోటు వచ్చింది. ఆస్పత్రికి చేరకముందే చనిపోయింది.

"అన్నకు ఇప్పుడే చెప్పకు. టికెట్ అయినంక, ఇంత తిన్నంక చెప్పు. ఆడ ఒక్కడు ఆగమైతడు."

సరే అన్నాను. గల్ఫ్‌లో ఉన్నవాడికి చావు కబురు అలాగే చేరుతుంది: ముందు పక్క మంచం వాడికి, తర్వాత టికెట్ తీసేవాడికి, చివర అసలు మనిషికి. మేమంతా అలాగే చేస్తాం. టికెట్ పని ఇంకో రూమ్మేటుకు అప్పగించాను. గదిలో ఉంటే ఊరి నుంచి ఎవరో ఒకరు ఫోన్ చేస్తారని భయం. "నీ ఫోన్ చార్జింగుల ఉండనియ్ అన్నా, పోదాం పా," అని బయటికి లాక్కుపోయాను.

బీడు దాటుతుంటే అడిగాడు. "ఏంది తమ్మీ, ఇయ్యాల అడుగులు లెక్కవెడ్తలేవు?"

"మర్శిన అన్నా."

"సర్వేయర్ మర్సుడేంది! ఇంటికాడ పిల్లను గిట్ల చూసిండ్రా? ఆగు, మీ వదిననడుగుత. ఆమెకన్నీ ఎర్కనే."

నేను నవ్వాను. నవ్వు సరిగ్గా వచ్చిందో లేదో తెలియదు.

పాయ మొదటి మలుపులో ఆరో గవ్వ దొరికింది. అన్న దాన్ని లుంగీ అంచుతో తుడిచి చొక్కా జేబులో వేసుకున్నాడు. "ఇంకొక్కటి దొర్కితే సీదా రూముకే. మీ వదినకు వీడియో చేసి సూపిస్త."

రెండో మలుపులో ఏడోది నాకే ముందు కనబడింది. మచ్చ లేదు, అంచు విరగలేదు. టికెట్ మెసేజ్ ఇంకా రాలేదు. బూటుతో తొక్కాను. మెత్తటి బురదలోకి దిగిపోయింది. అన్న వెతుక్కుంటూ నా పక్క నుంచే దాటిపోయాడు.

తారురోడ్డు ఎక్కాక మెసేజ్ వచ్చింది. క్యాంపు పక్క హోటల్లో పరోటా చెప్పాను. ఆయన సగం తిన్నాక సంగతి చెప్పాను. అన్న లేచి చేయి కడుక్కున్నాడు. కూర్చున్నాడు. మళ్ళీ లేచి కడుక్కున్నాడు. సాయంత్రం విమానానికి వెళ్ళిపోయాడు.

కర్మ అయ్యాక ఊరి నుంచి ఫోన్ చేశాడు.

"తమ్మీ, గవ్వలు ఏరేటప్పుడు నీకు ఎర్కేనా?"

"ఎర్కే అన్నా."

 "నేను నవ్వుతుంటే సూసుకుంట నడ్సినవ్," అని ఫోన్ పెట్టేశాడు. మళ్ళీ ఖతార్ రాలేదు. నా ఫోన్ ఎత్తడం లేదు.

ఏడో గవ్వ సంగతి ఆయనకు తెలియదు. అది ఉన్న చోటు నాకు తెలుసు: రెండో మలుపు, ఎండిన మడచెట్టు మొద్దు నుంచి నాలుగడుగులు, నీటి వైపు. శుక్రవారాలు ఒక్కణ్ణే వెళ్తున్నాను. పోటు మీదుంటే నీళ్ళు దిగేదాకా కూర్చుని, తర్వాత వేళ్ళతో బురద తోడతాను. గవ్వలు దొరుకుతాయి. వాటిలో అదేదో నాకు తెలియదు.